ఊదా రంగుకి పడ్డ కొర్రమీను

ఇదంతా మొదలైంది మూడేళ్ళ కిందటి లెంటులో మూడో శుక్రవారం, సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు. చర్చి గోడ గడియారం నాలుగుంపావు చూపిస్తోంది గాని అది ఐదు నిమిషాలు ముందు నడుస్తుంది. బలిపీఠం మీది ఊదా గుడ్డను దులిపి మడత పెడుతూ, అలవాటు కొద్దీ అంచు కుచ్చులు లెక్కపెట్టాను. ముందు వైపు పద్దెనిమిది. వెనక, గోడ వైపు, పదిహేడు. ఇంకోసారి లెక్కపెట్టాను. పదిహేడే.

ఆ కుచ్చులు మా అమ్మ కట్టినవి. పట్టుదారం. ప్రతి కుచ్చు మెడకూ దారం మూడు చుట్లు చుట్టి, దాని కింద గోధుమగింజంత తెల్లకుట్టు ఒకటి వేసింది. అది తన సంతకం అనేది. మా అమ్మకు చదువు రాదు. సంతకం మాత్రం ముప్పై ఆరు చోట్ల పెట్టింది.

బర్మాలోని మా తెలుగు చర్చిలో కాలాన్ని బట్టి గుడ్డ మారుతుంది. ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాలను మేం లెంటు అంటాం. లెంటుకూ, క్రిస్మస్ ముందటి ఆగమన దినాలకూ ఊదా. క్రిస్మస్‌కూ ఈస్టరుకూ తెలుపు. పెంతెకొస్తు పండక్కి ఎరుపు, అదీ ఒక్క రోజు. మిగతా కాలమంతా ఆకుపచ్చ. ఈ గుడ్డలు ఉతకడం, ఇస్త్రీ చెయ్యడం, మార్చడం నా పని. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒక ఓడల కంపెనీలో లెక్కలు చూశాను. ఆ పని మానేసి చాలా కాలమైంది గాని లెక్కపెట్టడం మానడానికి మందు ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదు.

ఈ సంవత్సరం లెంటుకు అదే గుడ్డ పెట్టెలోంచి తీశాను. వెనక వైపు కుచ్చులు చేత్తో తడుముతుంటే ఖాళీ చర్చిలో నాకొక్కదానికే నవ్వొచ్చింది. ఆ నవ్వుకు కారణం మా బావ. ఆయన పోయింది మొన్నటి వానాకాలంలో.

మా బావంటే మా అక్క భర్త. చౌక్తడా పేటలో దారాలు, బొత్తాలు, జిప్పులు అమ్మే కొట్టు ఆయనది. అక్క పోయాక కొట్టు కూతురు రూతు చేతిలో పెట్టి తను గాలం పట్టుకున్నాడు. గాలం కర్రను గొడుగు తొడుగులో పెట్టుకుని, తలకు గుడ్డ టోపీ, మెడకు టై, కింద లుంగీతో పొద్దున్నే పడవెక్కి నది దాటి డలా వెళ్ళేవాడు. అక్కడి నుంచి బస్సులో ట్వంటే. చేపల కోసం టై ఎందుకని అడిగితే, "ఒకలింటికి పిలవకుండా ఎల్తన్నాం. మర్యాదుండొద్దేటి?" అనేవాడు. ఆ టై కూడా చర్చిలో ఏ గుడ్డ ఉంటే ఆ రంగుది.

వానపామును గుచ్చి చేపను పట్టడం ఆయన దృష్టిలో మోసం. "ఆకలేసినోడికి అన్నం ఎట్టి తలుపేసీడమే అది. అందులో గొప్పేటి? ఆకల్నేని సేప నోరు తెరవాల. అదీ మజా." అందుకని అన్నీ బొమ్మ ఎరలే. రబ్బరు కప్పలు కొనేవాడు. మిగతావి ఇంట్లో తనే తయారుచేసేవాడు. మా అక్క టీ చెంచాలు సుత్తితో సాగగొట్టి, కొట్లో మిగిలిన బొత్తాలు కళ్ళుగా అతికించి, కోడి ఈకలు తోకలుగా కట్టి, కొక్కెం తగిలించి, ఒక్కొక్కదాన్నీ బడికి పంపే పిల్లాణ్ణి చూసినట్టు చూసేవాడు. నీళ్ళలోకి విసిరే ముందు దానికి చెప్పేవాడు: "ఎల్లిరా నాయినా. తిన్నగా రా. దార్లో ఆగకు."

అది దారిలో ఆగేది. నాచులోనో, వేళ్ళలోనో, పాత తాడులోనో చిక్కుకుని దారం తెగేది. అప్పుడు టోపీ తీసి చేతిలో పట్టుకుని క్షణం నిలబడేవాడు. పోయిందని మాత్రం అనేవాడు కాదు. "దానికి ఉద్యోగం దొరికింది" అనేవాడు. సాయంత్రం తిరిగి వచ్చాక ఎన్ని పడ్డాయి బావా అని నేనడిగితే, "సేపలు పడనేదు గానీ మరదలా, ఇద్దరికి ట్వంటేలో ఉద్యోగాలొచ్చినాయి" అని కాళ్ళు కడుక్కునేవాడు.

ఏ కాలంలో ఏ ఎర పనిచేస్తుందన్న విషయంలో ఆయనకొక సిద్ధాంతం ఉండేది. చర్చిలో ఏ రంగు గుడ్డ ఉంటే నీళ్ళలో ఆ రంగు ఎరే పనిచేస్తుందని.

నిజం చెప్పాలంటే సిద్ధాంతంలో చాలా భాగం కుదిరినట్టే ఉండేది. ఆకుపచ్చ గుడ్డ ఉండే నెలలు ఇక్కడ వానాకాలం. పొలాలూ కాలవలూ ఒకటైపోతాయి. గుర్రపుడెక్క మీదుగా ఆకుపచ్చ రబ్బరు కప్పను టపటపలాడిస్తూ లాగితే, కొర్రమీను కింద నుంచి నీళ్ళు పగలగొట్టుకుని వచ్చి పట్టేస్తుంది. ఎవరు లాగినా పట్టేస్తుంది.

"అది కప్పల కాలం బావా. కప్పనుకుని పడతంది" అన్నాను.

"మరి కప్పకా రంగెవులిచ్చినారు?" అన్నాడు.

చలికాలంలో నీళ్ళు తేరుకుని నెమ్మదిస్తాయి. అప్పుడు తెల్ల ఈక కట్టిన చెంచా. ఒక క్రిస్మస్ మర్నాడు సేక్కాన్‌లో రేవు మెట్ల మీద కూర్చుని దాన్ని నెమ్మదిగా, నిద్రపోయే బిడ్డను ఈడ్చినట్టు ఈడుస్తుంటే పెద్ద పండుగప్ప పడింది. ఆ చేపను చంకలో పెట్టుకుని రోడ్డు వెంట నడుచుకుంటూ మా ఇంటికొచ్చాడు. "సూసినావా! పండక్కి పండుగప్ప. పేరులోనే ఉంది కదేటి!" ఆ తర్వాత చాలా కాలం ఆయనతో మాట్లాడడం కష్టమైంది.

ఎరుపు ఏడాదికి ఒక్క రోజే. ఎర్ర బొత్తాం కట్టిన ఎరను పెంతెకొస్తు నాడు డలా రేవులో విసరబోతే, వెనక నిలబడ్డ టిక్కెట్లతని లుంగీకి తగులుకుంది. ఆయన ముందుకు విసిరాడు. లుంగీ కూడా ముందుకు వచ్చింది. "ఎరుపుకి కూడా పడినట్టే" అని ఆయన వాదన. మనిషిని లెక్కలోకి తీసుకోనని నేను చెప్పేశాను.

ఇక ఊదా. ఊదాకు ఏనాడూ ఒక్క చేపా పడలేదు. లెంటు అంటే ఇక్కడ మండు వేసవి. చెరువులు గుంటలవుతాయి, కొర్రమీను బురదలోకి దూరి పడుకుంటుంది. ట్వంటేలో ఆయన్ని చిన్న పడవలో తిప్పే బర్మా అతను తాతా అనే అర్థంలో ఆయన్ని "అఫో" అని పిలిచేవాడు. అతను తెడ్డు ఒళ్ళో పెట్టుకుని ఒకసారి అన్నాడట: "అఫో, ఈ కాలవలో చేపలన్నీ బౌద్ధులు. వాటి ఉపవాసం వానాకాలంలో. మీ ఊదా సంగతి వాటికేం తెలుసు?"

"తెలీదు కాబట్టే కదా సూపిస్తన్నాను" అని ఈయన జవాబు.

ఆయన మాటల్లో ఇంకొకటి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మన అక్షరమాలలో క, ఖ, గ, ఘ తర్వాత ఊరికే కూర్చుని జీతం తీసుకునే ఙ అనే అక్షరం ఒకటుంది. తెలుగులో దానికి పని లేదు. బర్మాలో చేతినిండా పని. చేప అంటే ఙా. ఐదు అన్నా ఙా. నేను అన్నా, కాస్త గొంతు దించితే, ఙా. ఆ గొంతు తేడాలు బర్మా వాళ్ళకు పుట్టుకతో వస్తాయి. మా తెలుగు నోళ్ళలో మూడూ ఒకటే. మా బావకు ఇదొక ఆట. నేను ఐదు చేపలు పట్టానని చెప్పాలంటే "ఙా ఙా ఙాగౌం యాదే" అనాలి. చర్చి మెట్ల మీద కనపడిన ప్రతివాడికీ ఆ మాట చెప్పి గర్వంగా నిలబడేవాడు. ఐదు ఆయనెప్పుడూ పట్టలేదు. ఎక్కువలో ఎక్కువ మూడు.

ఆ ఏడాది లెంటుకు ముందు వానల్లో ఆయన కాలవలోకి జారి గొంతు దాకా మునిగాడు. పడవతను టై పట్టుకుని పైకి లాగాడు. టైకి ఉపయోగం ఉందని అప్పుడే తేలిందని ఆయన సంతోషపడ్డాడు గాని రూతు పడలేదు. లెంటు మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక మా ఇంట్లో టీ తాగుతూ గొడవ మొదలుపెట్టింది.

"పిన్నీ, నువ్వైనా సెప్పు. డెబ్బై తొమ్మిదేళ్ళు. ఫోన్ తీయడు, సిగ్నల్ ఉండదు. ఏదైనా అయితే ఎవులికి తెలుస్తాది? ఇంక సాలు, స్టాప్. ఆ కర్ర అటక మీద పడేస్తాను."

"ఊదా తేలనేదింకా" అన్నాడు ఆయన.

"ఏటి తేలేది నాన్నా? ఊదాకి సేప పడదు. రోడ్డు మీద కుక్కకి కూడా తెలుసు."

ఆయన టీ కప్పు కింద పెట్టాడు. ముఖంలో నవ్వు లేదు. నాకు గుర్తుండి ఆయన ముఖంలో నవ్వు లేకపోవడం అక్క పోయినప్పుడు తప్ప చూడలేదు. "ఈ ఒక్క లెంటు ఇయ్యి. ఊదాకి సేప పడకపోతే కర్ర నా సేత్తో నీకిచ్చీస్తాను. పడితే ఇంక ఆ మాటెత్తకూడదు. నాను పోయినదాకా."

ఇద్దరూ నా వైపు తిరిగారు. తీర్పు నాదన్నారు. లెక్కలు చూసిన దాన్ని కనుక షరతులు స్పష్టంగా చెప్పాను. ఎర ఊదా రంగుదై ఉండాలి. ఈస్టరుకు ముందటి శనివారం పొద్దు గుంకేలోపు పడాలి. ఎర చేప నోట్లో ఉండగానే తెచ్చి నాకు చూపించాలి, నా చేత్తో నేనే తియ్యాలి. బజారులో కొన్న చేప నోట్లో ఏదో కుక్కి తెస్తే చెల్లదు.

"నా మీద అంత నమ్మకమేటి?" అన్నాడు.

"అంతే బావా" అన్నాను.

ఆ తర్వాత రెండు వారాలకే మూడో శుక్రవారం వచ్చింది. కుచ్చు ఒకటి తగ్గింది. నాలుగో శుక్రవారానికి మొత్తం మూడు. ముందు ఎలుకలనుకున్నాను. బలిపీఠం వెనక స్ప్రింగు బోను పెడితే అందులో మా అయ్యగారి కాలి బొటనవేలు పడింది. ఆదివారం ప్రసంగం ఆయన ఒంటికాలి మీద చేశారు. తర్వాత సండే స్కూలు పిల్లలనుకున్నాను. వాళ్ళ జేబులు వెతికితే చింతపండు మిఠాయిలు తప్ప ఏమీ దొరకలేదు. ఐదో శుక్రవారానికి నాలుగు, ఆరో శుక్రవారానికి ఆరు తగ్గాయి. పవిత్ర గురువారం నాడు గుడ్డ తీసేటప్పటికి వెనక వైపు మిగిలినవి పదకొండు. నాకు నిద్ర పట్టడం మానేసింది. ఇన్నేళ్ళుగా ఒక్క దారం పోకుండా కాపాడిన గుడ్డ నా చేతి కిందే బోడిదవుతోంది.

ఆ రోజుల్లో నాకు కాస్త ఊరట ఇచ్చింది మా బావే. ఎండలో ఊదా టైతో చర్చికొచ్చి, ఎవరూ లేనప్పుడు బలిపీఠం వెనక గోడ వైపు మోకాళ్ళ మీద ఉండేవాడు. రెండుసార్లు చూశాను. ప్రార్థన మధ్యలో గట్టిగా దగ్గేవాడు. రూతుతో కూడా అన్నాను: "మీ నాన్నకి ముసలితనంలో భక్తి కుదిరిందే."

"దగ్గు మందు కొనాలి" అంది రూతు.

ఈస్టరు ఆరాధన తర్వాత మా చర్చిలో అందరికీ భోజనం ఉంటుంది. నలభై మంది. వంట నాదీ రూతుదీ. ఆ ఏడు చేపల పులుసు అనుకున్నాం. కరెంటును నమ్ముకోవడానికి లేదు కనుక చేపలు ముందే కొని ఫ్రిజ్జులో పెట్టే ఆలోచన ఎవరూ చెయ్యరు. శనివారం సాయంత్రం మా వీధిలో చేపలమ్మే ఆవిడ దగ్గర తీసుకోవాలి.

ఆ శనివారం మధ్యాహ్నం మూడున్నరకు ఫోను మోగింది. అవతల గాలి, పడవ ఇంజను చప్పుడు, మధ్యలో మా బావ గొంతు.

"ఙా!" అన్నాడు. "ఙా! ఙా!"

"బావా, సరిగ్గా సెప్పు."

"ఙా..." అని తెగిపోయింది.

రూతు వైపు చూసి చెప్పాను: "మీ నాన్న ఐదు పట్టాడు."

"అమలే!" అని రూతు గుండె మీద చెయ్యి వేసుకుంది. ఆశ్చర్యం వస్తే మా వాళ్ళకు ఓలమ్మో కన్నా ముందు ఆ బర్మా మాటే వస్తుంది. "ఐదా?"

నేను వెంటనే లెక్క వేశాను. ఐదు కొర్రమీనులు. ఒక్కొక్కటి ఎనిమిది ముక్కలు. నలభై మంది. ఇంత చక్కగా సరిపోయిన లెక్క నా ఉద్యోగంలో కూడా చూడలేదు. చేపలావిడకు అక్కర్లేదని కబురు పంపాను. ఐదు చేపలకు తగ్గ చింతపండు నానబెట్టాను.

ఐదున్నరకు తలుపు తట్టాడు. టై వీపు వైపు తిరిగిపోయింది. మోకాళ్ళ దాకా బురద. చేతిలో తడి గోనెసంచి, లోపల ఏదో కదులుతోంది.

"మిగతా నాలుగూ ఏవి?" అన్నాను.

"ఏ నాలుగు?"

"ఫోన్లో ఐదన్నావు కదేటి!"

"నానెప్పుడన్నాను? సేప అన్నాను. సేప, సేప, సేప అన్నాను. సంతోసం పట్టనేక."

"నేను ఐదింటికి చింతపండు నానబెట్టాను బావా! రేపు నలభై మంది!"

"నానితే నానింది. నా సేపని సూడవేటి?" అని సంచి మూతి విప్పాడు.

కొర్రమీను నీళ్ళు లేకపోయినా చాలా సేపు బతుకుతుంది. ఆయన చూపించాలనుకున్నంత సేపు అది ఆగలేదు. సంచిలోంచి ఒక్క గెంతు గెంతి, బియ్యం డబ్బా మీదుగా గ్యాసు బండ వెనక్కి పోయింది. రూతు బల్ల ఎక్కింది. నేను చీపురు అందుకున్నాను. ఆయన నేల మీద పాకుతూ, "నెమ్మది! నెమ్మది! దానికి దెబ్బ తగలనీకండి, అది సాక్షి!" అని అరుస్తున్నాడు. చివరికి తన టోపీ వేసి పట్టుకున్నాడు.

చేప నోటి అంచున తెగిన దారం వేలాడుతోంది. ఎర లోపలికి మింగేసింది.

"నోరు నాను తెరుస్తాను" అన్నాడు గబగబా. "మీరిద్దరూ పక్క గదిలోకి ఎల్లండి."

"ఎందుకు?"

"సేపకి సిగ్గు."

"సేపకి సిగ్గేటి నాన్నా?" అంది రూతు బల్ల మీద నుంచి.

"ఆడసేపేమో!"

నా షరతు నాకు గుర్తుంది. నా చేత్తో నేనే తియ్యాలి. చేపను ఆయన చేతిలోంచి తీసుకుని, పని కానిచ్చి, నోరు విడదీసి పట్టకారుతో కొక్కెం బయటికి లాగాను. కొక్కెంతో పాటు తడిసి ముద్దైన కుచ్చు వచ్చింది. కుళాయి కింద కడిగాను. ఊదా. పట్టు. మెడకు మూడు చుట్లు. వాటి కింద గోధుమగింజంత తెల్లకుట్టు.

మా బావ గోడ మీద బల్లిని చూస్తున్నాడు. అంత శ్రద్ధగా బల్లిని చూసిన మనిషిని నేను చూడలేదు.

బలిపీఠం వెనక మోకాళ్ళు. ప్రార్థన మధ్యలో దగ్గు. కత్తెర చప్పుడు వినపడకుండా దగ్గడం! నేను భక్తి అనుకున్నది అదన్నమాట. మాట నోటి దాకా వచ్చింది. పైకి అనేస్తే ఏమవుతుందో కూడా కనిపించింది. డెబ్బై తొమ్మిదేళ్ళ పెద్దమనిషి బలిపీఠం గుడ్డ కత్తిరించాడని రేపు ఈస్టరు భోజనంలో చేపల కన్నా ముందు ఆ మాట వడ్డిస్తారు. దొంగ ఎరతో పట్టింది చెల్లదని రూతు అంటుంది. కర్ర అటకెక్కుతుంది. ఎర సంగతి తేలలేదని బుకాయించినా కర్ర అటకెక్కుతుంది.

"పిన్నీ, ఊదాయేనా?" అంది రూతు.

కిటికీలోంచి చూశాను. ఎదురింటి మేడ మీద ఎండ ఇంకా ఉంది.

"ఊదాయే" అన్నాను. "నోట్లోంచి నేనే తీశాను. పొద్దింకా గుంకలేదు. మూడు షరతులూ సరిపోయాయి."

రూతు బల్ల దిగి వచ్చి నా అరచేతిలోకి చూసింది. కాస్త ఎక్కువ సేపే చూసింది. "ఎర బాగుంది నాన్నా. ఎక్కడ కొన్నావు?"

ఆయన నోరు తెరిచి మూశాడు. మళ్ళీ తెరిచి మూశాడు, అచ్చం ఇందాకటి చేపలాగే.

"కొన్నది కాదు" అన్నాను నేను. "నా లెక్కలోదే."

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. రూతు చింతపండు గిన్నె పక్కకు జరిపింది.

ఇక నలభై మంది. ఐదు వేలమందికి పెట్టిన నాడు ప్రభువు చేతిలో రెండు చేపలైనా ఉన్నాయి, నా చేతిలో ఒక్కటే. పైగా నేను ప్రభువును కాను. పులుసు మానేసి మొహింగా చేశాం. ఈ ఊళ్ళో పొద్దున్నే ప్రతి వీధి మొగలోనూ దొరికే బియ్యపు నూడుల్స్, చేపల రసం. చేపను ఉడికించి, ముల్లు తీసి, వేలితో నలిపి, అరటి దూటతో, శెనగపిండితో పెద్ద గిన్నెలో కరిగించేశాం. అందరూ తిన్నారు. అయ్యగారు రెండోసారి వేయించుకుని, "చేప పరిశుద్ధాత్మలా ఉందమ్మా. కనపడదు గాని ఉన్నట్టు తెలుస్తోంది" అన్నారు.

మా బావ ప్రతి బల్ల దగ్గరకూ వెళ్ళి, "ఊదాకి పడిందండీ" అని చెప్పుకున్నాడు.

భోజనాలయ్యాక చర్చి వెనక మెట్ల మీద పట్టుకున్నాను.

"ఎన్ని కోసినావు?"

"నువ్వు లెక్కెట్టే ఉంటావు."

"ఏడు."

"అయితే ఏడే."

"దారాల కొట్టు పెట్టుకున్న మనిషివి. నీ కొట్లో ఊదా దారం లేదేటి?"

"ఉంది. బజారు ఊదా. నీళ్ళలో పడితే రంగు దిగిపోతాది, సేపకి అనుమానమొస్తాది. మా అత్త దారం ఇన్నేళ్ళయినా దిగనేదు." టై సర్దుకుని అన్నాడు: "బతికున్నన్నాళ్ళూ మా అత్త నాకు మాటలెట్టింది. పోయినాక సేప ఎట్టింది."

"నవ్వించకు బావా. బలిపీఠం గుడ్డ అది."

"గోడ వైపువే తీసినాను. అటెవులు సూస్తారు?"

"దేవుడు సూడడా?"

"సూసినాడు. ఏటీ అన్నేదు. నువ్వే అంటన్నావు."

మిగతా ఆరింటికి లెక్క చెప్పమన్నాను. నాలుగు ట్వంటే కాలవలో, ఒకటి డలా జెట్టీ కింద ఉద్యోగాల్లో చేరాయట. ఆరోది ఇంకా వాడలేదు. ఇచ్చెయ్యమన్నాను. "దానికింకా ఉద్యోగం రానేదు, ఎతుక్కుంటన్నాది. పిల్లదాని బతుకు పాడుచెయ్యకు" అన్నాడు. ఎన్నిసార్లు అడిగినా అదే మాట.

శిక్షగా ఆరు కుచ్చులు తనే కట్టి కుట్టాలన్నాను. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని మా వరండాలో కూర్చుని కట్టాడు. బజారు దారం. లావుగా, ముడి మాత్రం గాలానికి కొక్కెం కట్టే ముడి. ఆయనకు వచ్చిన ముడి అదొక్కటే. మొదటిసారి ఉతికేసరికి ఆయన చెప్పినట్టే రంగు దిగి, అడుగున వేసే తెల్లగుడ్డ వంకాయ రంగుకు తిరిగింది. చేప నోట్లోంచి వచ్చిన కుచ్చును కుంకుడు రసంలో మూడుసార్లు ఉతికి దాని చోట కుట్టాను. అయినా ఎండ ముదిరితే అయ్యగారు బలిపీఠం దగ్గర ప్రార్థన మధ్యలో ఆగి గాలి పీలుస్తారు.

రూతు మాట మీద నిలబడింది. ఆయన ఇంకో రెండేళ్ళు నది దాటాడు. ఊదాకు మళ్ళీ ఏదీ పడలేదు. పడాల్సిన అవసరం లేదని ఆయన ఉద్దేశం. ఒకసారి తేలాక మళ్ళీ మళ్ళీ తేల్చడం చేపను అవమానించడమే.

మొన్నటి వానల్లో, ఆకుపచ్చ గుడ్డ కాలంలో, మధ్యాహ్నం భోజనం చేసి పడుకుని లేవలేదు. గొడుగు తొడుగులో కర్ర తలుపు పక్కనే ఉంది, మర్నాటికి సిద్ధంగా. పెట్టెలో పెట్టే ముందు రూతు ఆయన మెడకు ఆకుపచ్చ టై కట్టింది. కోటు దులుపుతుంటే జేబులో చేతికేదో తగిలింది. తీసి నా అరచేతిలో పెట్టింది. ఊదా పట్టు కుచ్చు. దానికి కొక్కెం కూడా కట్టలేదు.

"నీదే కదా పిన్నీ" అంది.

నేను దాన్ని తిప్పి తెల్లకుట్టు చూశాను.

"నేను దారాలమ్మే దాన్ని పిన్నీ. పట్టుకీ బజారు దారానికీ తేడా తెలీదేటి నాకు? ఆ రోజు నీ సేతిలో సూసినప్పుడే తెలిసింది."

"మరి అడగలేదేం?"

"నువ్వు నీ లెక్కలోదే అన్నావు. లెక్కలో నువ్వు తప్పవు కదా."

కుచ్చును ఆమె చేతికిచ్చాను. ఆమె దాన్ని మళ్ళీ జేబులో పెట్టి, పైన చేత్తో నిమిరింది.

ఈ లెంటులో గుడ్డ పరిచేటప్పుడు చూశాను. మా అమ్మ కుచ్చుల్లో రెండింటి మెడలు వదులయ్యాయి, కుట్టు వెయ్యాలి. మా బావ కట్టిన ఆరూ లాగి చూశాను. కదల్లేదు.

పోయినవి: ఊదా పట్టు కుచ్చులు ఏడు. తిరిగి వచ్చినది ఒకటి. నికరంగా ఆరు. నాలుగు ట్వంటే కాలవలో ఉద్యోగంలో ఉన్నాయి. ఒకటి డలా జెట్టీ కింద. ఒకటి మా బావ కోటు జేబులో, ఆయనతో పాటు.